జొన్న కోసిన మాగాణిలో పెసర పసుపు తిరుగుతోంది. జొన్న వేరు విషమేనా?

కొల్లిపర_మాగాణి
రెండెకరాల మాగాణి. వరి కోశాక దుక్కి లేకుండా జొన్న వేశాం. జొన్న కోత అవగానే తడి పెట్టి పెసర చల్లాను. మొలక బ్రహ్మాండంగా వచ్చింది. వారం రోజులు చేను చూస్తుంటే కడుపు నిండిపోయింది. పన్నెండో రోజు నుంచి పసుపు మొదలైంది. ఇవాళ పదహారో రోజు. చేనంతా కాదు, చారలు చారలుగా. కొన్ని మొక్కల కింది ఆకులు అంచుల దగ్గర ఎండి గోధుమ రంగుకి వచ్చాయి.

పక్క చేను పెద్దాయన "జొన్న కోసిన నేలలో ఇంకో పైరు వెంటనే నిలవదు, దాని వేరు విషం" అంటున్నాడు. మా నాన్నదీ అదే మాట. మందుల షాపులో జింకు, ఇనుము, ఏదో టానిక్కు కలిపి 1400 బిల్లు చేశారు. కొట్టి నాలుగు రోజులైంది, వీసమెత్తు తేడా లేదు. నిజంగా మొక్క విషం వదులుతుందా? వదిలితే అది వేరుని కదా పట్టాలి, ఆకు ఎందుకు పసుపవుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

నల్లరేగడి_నాయన
పల్లాకు తెగులు. తెల్లదోమ చూసుకో. వేసవి పెసరకి అది మామూలే.

పొన్నూరు_మినుము
నాయన గారూ, పల్లాకు తెగులైతే లేత ఆకుల్లో పసుపు, పచ్చ మచ్చలు కలిసి వస్తాయి. ఒక మొక్క ఇక్కడ, ఒక మొక్క అక్కడ కనపడుతుంది. ఈయన చారలు అంటున్నాడు, కింది ఆకులు అంటున్నాడు. అది కాదు.

దుగ్గిరాల_పసుపు
మా ఊళ్ళో పసుపు కనపడితే పండగ. మీ చేలో కనపడకూడదు అన్నా. ఫొటో పెట్టండి, దగ్గర నుంచి.

కొల్లిపర_మాగాణి
పెట్టాను. చూడండి, పైన వచ్చే చిగురు పచ్చగానే ఉంది. మొదటి జత ఆకులు, వాటి పైన వచ్చిన మూడాకులు మాత్రమే అంచు నుంచి లోపలికి పసుపు తిరుగుతున్నాయి. ఈనె పక్కన ఇంకా పచ్చదనం ఉంది.

బాపట్ల_పాతవిద్యార్థి
పెద్దాయన మాట కొట్టిపారేయకండి. జొన్న వేరు నిజంగానే విషం వదులుతుంది. దాని పేరు సోర్గోలియోన్. 1986లో అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళు జొన్న వేర్ల నుంచి దీన్ని విడదీసి చూపించారు. వేరుకి సన్నటి నూగు ఉంటుంది కదా, దాని కొసల్లో పసుపు రంగు నూనె బొట్లుగా ఊరుతుంది. ఒక మొక్క వదిలిన రసాయనం పక్క మొక్క మీద పనిచేయడాన్ని అల్లెలోపతీ అంటారు. 1937లో మోలిష్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు అది. జామాయిల్ కింద ఏమీ మొలవదని మన తాతలు చెప్పింది కూడా ఈ సంగతే.

ఇక ఆకు ఎందుకు పసుపవుతుంది అన్నారు. అసలు ప్రశ్న అదే. ఆకు మీద వెలుతురు పడగానే లోపల నీటి నుంచి ఎలక్ట్రాన్లు ఊడివస్తాయి. నిప్పంటుకున్న కొంపకి జనం వరసగా నిలబడి బిందెలు అందించుకున్నట్టు అవి ఒకదాని నుంచి ఇంకోదానికి అందుతూ పోతాయి. ఆ వరసలో డి1 అనే ప్రొటీన్ ఉంది. దానిలో చిన్న గూడు. ప్లాస్టోక్వినోన్ అనే అణువు వచ్చి ఆ గూట్లో కూర్చుని, రెండు ఎలక్ట్రాన్లు అందుకుని, లేచి వెళ్ళిపోవాలి. వెంటనే ఇంకోటి వచ్చి కూర్చోవాలి. ఇది ఆగకుండా జరిగితేనే కిరణజన్య సంయోగక్రియ నడుస్తుంది. సోర్గోలియోన్ రూపం ప్లాస్టోక్వినోన్‌ని పోలి ఉంటుంది. వచ్చి ఆ గూడు పట్టుకుంటుంది. దాంతో బిందెల వరస అక్కడే ఆగిపోతుంది.

వరస ఆగింది గానీ ఎండ ఆగదు కదా. పోయే దారి లేని ఆ శక్తి ఆకు లోపలే తిరగబడి పత్రహరితాన్ని, కణాల పొరల్ని కాల్చేస్తుంది. మొదట పసుపు, తర్వాత మాడు. మొలక వారం దాకా ఎందుకు బాగుందంటే, అప్పటిదాకా అది గింజలో దాచుకున్న తిండి తింటుంది. ఆ తిండి అయిపోయి ఆకు సంపాదన మీద బతకాల్సిన రోజున అసలు రోగం బయటపడుతుంది.

ఇంతవరకు పెద్దాయన వైపు చెప్పాను. ఇప్పుడు ఒక్క మాట చెప్పండి. జొన్నలో అట్రజిన్ కలుపు మందు కొట్టారా? ఎంత?

కొల్లిపర_మాగాణి
కొట్టాం. జొన్న విత్తిన రెండో రోజు. ఊద గడ్డి బాగా ఉందని ఎకరానికి కిలోన్నర దాకా పోశాను. ఎందుకు?

బాపట్ల_పాతవిద్యార్థి
అట్రజిన్ కూర్చునేది కూడా ఆ గూట్లోనే.

పొన్నూరు_మినుము
అమ్మో. రెండూ ఒకే గూడా?

తాడికొండ_పత్తి
అట్రజిన్ కొట్టి మూడు నెలలు దాటింది. ఇంకా ఉంటుందా? మొక్కజొన్నలో ఏటా కొడుతున్నాం, తర్వాత పైరుకి నాకేం కాలేదు. ప్రతిదానికీ మందుని తిట్టడం అలవాటైపోయింది. జొన్న తర్వాత పైరు దెబ్బతినడం మందులు రాకముందు నుంచీ ఉంది.

బాపట్ల_పాతవిద్యార్థి
మీ చేలో కాలేదంటే నమ్ముతాను. నేలని బట్టి ఉంటుంది. చౌడు గుణం ఉన్న నల్ల నేలల్లో అట్రజిన్ విరగడం నెమ్మది. పుల్ల నేలల్లో త్వరగా విరుగుతుంది. పైగా వరి మాగాణిలో జొన్నకి తడులు తక్కువ, పైపొర ఎండిపోయి ఉంటుంది. విరగ్గొట్టే సూక్ష్మజీవులకి తేమ కావాలి. మీరు కొట్టింది సిఫారసు మోతాదు, ఈయన కొట్టింది కిలోన్నర. జొన్న, మొక్కజొన్న అట్రజిన్‌ని తమ లోపల విరిచి అరిగించుకుంటాయి. పెసర, మినుముకి ఆ శక్తి లేదు.

నల్లరేగడి_నాయన
ఇద్దరూ దొంగలే అంటున్నావు. ఏ దొంగ అని ఎట్లా తేల్చాలి?

బాపట్ల_పాతవిద్యార్థి
ఒక తేడా ఉంది నాయన గారూ. సోర్గోలియోన్ నూనెలాంటిది, నీళ్ళలో కరగదు. మట్టిని పట్టుకుని కూర్చుంటుంది. మొలిచిన మూడు నాలుగు రోజుల పసి మొలకకైతే తగులుతుంది, మొక్క ఎదిగాక వేరు నుంచి ఆకు దాకా ఎక్కలేదు. అట్రజిన్ అలా కాదు. వేరు పీల్చిన నీటితో పాటు పైకి ఎక్కి ఆకు అంచుల్లో పోగవుతుంది. నీరు ఎక్కువగా ఆవిరయ్యేది ముదురు ఆకుల నుంచి, కాబట్టి అవి ముందు మాడతాయి. ఈయన ఫొటోలో అంచులే మాడాయి, కింది ఆకులే మాడాయి, పదహారో రోజున మాడాయి. నాకైతే అట్రజిన్ మీదే అనుమానం ఎక్కువ.

తాడికొండ_పత్తి
అనుమానం వేరు, రుజువు వేరు.

బాపట్ల_పాతవిద్యార్థి
ఒప్పుకుంటాను. రుజువు చేలోనే ఉంది. కొల్లిపర గారూ, పసుపు చారలు జొన్న సాళ్ళ వెంట ఉన్నాయా, స్ప్రేయర్ నడిచిన దారి వెంట ఉన్నాయా? టేపు పట్టుకెళ్ళి కొలవండి.

పెదనందిపాడు_మిర్చి
అల్లెలోపతీ అన్నారు కాబట్టి నా గోడు కూడా వినండి. పక్కాయన గట్టు మీద జామాయిల్ వేశాడు. గట్టు పక్క నాలుగు సాళ్ళ మిర్చి ప్రతి ఏడూ మోకాలెత్తు దాటదు. ఆకు లేత పసుపు, కాయ చిన్నది. ఐదో సాలు నుంచి మామూలే. ఊళ్ళో పెద్దమనుషుల దగ్గర పెడితే "చెట్టు నీడ కదయ్యా" అన్నారు. ఉదయం నీడ అసలు నా వైపు పడదు.

తాడికొండ_పత్తి
జామాయిల్ నీళ్ళు తాగేస్తుంది. వేరు మీ చేలోకి ఇరవై అడుగులు వస్తుంది. అది విషం కాదు, దాహం. గట్టు వెంట లోతుగా కందకం తవ్వండి.

పెదనందిపాడు_మిర్చి
పోయినేడు తవ్వించాను. నాలుగు సాళ్ళు మూడయ్యాయి. ఆకు రాలినంత మేర మాత్రం ఇప్పటికీ పైరు లేవదు.

పొన్నూరు_మినుము
చూశారా, కందకంతో ఒక సాలు బాగుపడిందంటే అది దాహం. మిగిలిన మూడు ఆకువి. ఇద్దరి మాటా నిజమే.

బాపట్ల_పాతవిద్యార్థి
మిర్చి గారి కందకం లెక్క బాగుంది, చాలామంది అంత కూడా చూడరు. జామాయిల్ ఆకులో నూనెలు ఉంటాయి, కుళ్ళేటప్పుడు ఫెరూలిక్, కుమారిక్ లాంటి ఆమ్లాలు దిగుతాయి. ఇవి సోర్గోలియోన్‌లా ఒక గూడు పట్టుకుని కూర్చునేవి కావు. వేరు నీరు పీల్చడాన్ని తగ్గిస్తాయి, ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, బొగ్గుపులుసు గాలి లోపలికి రాదు, పత్రహరితం తగ్గుతుంది. ఆకు మాడదు, పాలిపోయి ఎదుగుదల ఆగుతుంది. మీరు చెప్పిన లేత పసుపు, మోకాలెత్తు అదే. కాకపోతే దాహానికీ రంధ్రాలు మూసుకుంటాయి కాబట్టి చెట్టు కింద ఈ రెండూ విడదీయడం కష్టం. రాలిన ఆకుని ఊడ్చి తీసేసిన చోట ఒక గజం, తీయని చోట ఒక గజం గుర్తుపెట్టుకుని ఈ ఏడు చూడండి.

బెజవాడ_మేడతోట
మాది మొగల్రాజపురంలో మేడ మీద తోట. టబ్బుల్లో టమాటా. ఎండకి మట్టి ఆరిపోకుండా రోడ్డు పక్క రాలిన జామాయిల్ ఆకులు బస్తాడు ఏరుకొచ్చి పరిచాను. నెలకి మొక్కలన్నీ పాలిపోయాయి. ఎండు కొబ్బరి పీచు పరిచిన రెండు టబ్బులు మాత్రం ముదురు పచ్చగా ఉన్నాయి. నీళ్ళు, ఎరువు అన్నీ ఒకటే. ఇప్పుడు అర్థమైంది. ఆకులు తీసేస్తే కోలుకుంటాయా?

బాపట్ల_పాతవిద్యార్థి
తీసేసి, టబ్బు అడుగు నుంచి నీళ్ళు కారేదాకా రెండుసార్లు నిండుగా పోయండి. కొత్త చిగురు పచ్చగా వస్తుంది. ఆ ఆకులు పారేయక్కర్లేదు, పేడ నీళ్ళు చల్లి ఒక మూల కుళ్ళబెట్టండి. సూక్ష్మజీవులు ఆ ఆమ్లాలు తినేశాక అదే మంచి ఎరువు.

బెజవాడ_మేడతోట
వయ్యారిభామ కూడా ఇట్లాగే కుళ్ళబెట్టచ్చా? మా ఖాళీ స్థలం నిండా అదే. పీకితే చేతులు దద్దుర్లు.

పొన్నూరు_మినుము
అక్కా, పూతకి రాకముందే పీకండి, చేతులకి గ్లౌజులు, ముక్కుకి గుడ్డ. పూత వచ్చాక కుప్పేస్తే గింజ ఎరువుతో పాటు మీ టబ్బుల్లోకే వస్తుంది. దానిలో పార్థెనిన్ అనే విషం ఉంటుంది, దద్దుర్లు దాని వల్లే. పక్క మొలకల్ని అణిచేది కూడా ఎక్కువగా అదే. 1950ల్లో పూనా దగ్గర మొదట కనపడిందట, ఇవాళ మన కాలవ గట్లన్నీ దానివే.

దుగ్గిరాల_పసుపు
నాకొక ఆలోచన. జొన్న రసం కలుపుని చంపుతుందంటే, జొన్న చొప్ప నానబెట్టిన నీళ్ళు కలుపు మందుగా కొట్టచ్చుగా? డబ్బులు మిగులుతాయి.

బాపట్ల_పాతవిద్యార్థి
పాకిస్తాన్‌లో ఫైసలాబాద్ వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళు సరిగ్గా ఇదే చేశారు. ముదిరిన జొన్న మొక్కని ముక్కలు చేసి, నానబెట్టి, ఆ నీళ్ళకి సోర్గాబ్ అని పేరు పెట్టి గోధుమ చేలో కొట్టారు. కలుపు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. మందు మోతాదు తగ్గించి, దానికి తోడుగా ఇది వాడితే ఫలితం బాగుంది. ఒక్కటే కొట్టి చేను వదిలేస్తే ఊద మిమ్మల్ని వదలదు.

ఇంతకంటే ఆసక్తి కలిగించే కథ ఇంకోటి ఉంది. పార్కుల్లో ఎర్రటి పూలతో బాటిల్ బ్రష్ చెట్టు చూసే ఉంటారు. 1977లో కాలిఫోర్నియాలో ఒక శాస్త్రవేత్త తన ఇంటి దగ్గర ఆ పొదల కింద కలుపు సరిగ్గా మొలవడం లేదని గమనించాడు. మట్టి తవ్వి వెతికితే లెప్టోస్పెర్మోన్ దొరికింది. దాని నమూనా మీద కంపెనీలు మందులు తయారు చేశాయి. మనం మొక్కజొన్నలో కొట్టే టెంబోట్రియోన్ ఆ జాతిదే. అది కొట్టాక కలుపు పసుపవదు, తెల్ల కాగితంలా అయిపోతుంది, గమనించారా? ఇందాక చెప్పిన ప్లాస్టోక్వినోన్ గుర్తుందా, గూట్లో కూర్చోవాల్సింది? ఈ మందు దాన్ని అసలు తయారు కానివ్వదు. అది లేకపోతే ఆకుకి గొడుగు పట్టే కెరోటిన్లు కూడా తయారవవు. ఎండకి పత్రహరితం కాలి తెల్లబడుతుంది.

తాడికొండ_పత్తి
తెల్లబడటం మా చేలో చూశాను, కారణం ఇదని తెలియదు. ఇది బాగుంది.

నల్లరేగడి_నాయన
జొన్న మాట వచ్చింది కాబట్టి గేదెలున్న వాళ్ళకి. కొయ్యకాళ్ళకి లేచిన పిలకలు మేపకండి. మా చిన్నప్పుడు ఆ పిలకలు, అదే నాము, మేసి రెండు గేదెలు గంటలో పడిపోయాయి.

బాపట్ల_పాతవిద్యార్థి
అవును నాయన గారూ, అది వేరే విషం, ఆకులోని ధురిన్. నమిలితే సైనైడ్ విడుదలవుతుంది. దీనికీ వేరు నుంచి వచ్చేదానికీ సంబంధం లేదు, కానీ హెచ్చరిక అందరూ వినాలి.

కొల్లిపర_మాగాణి
కొలిచాను. జొన్న సాలుకీ సాలుకీ మధ్య అడుగున్నర. పసుపు చారలు వాటితో కలవలేదు. ఒక్కో చార రెండడుగుల వెడల్పు, చారకీ చారకీ దూరం ఏడు ఎనిమిదడుగులు. గట్టు దగ్గర స్ప్రేయర్ తిప్పుకునే చోట నేల మొత్తం పసుపే. మా వాడు తిరిగేటప్పుడు గన్ను ఆపడు. పైన తూర్పు మూల పది సెంట్లు మాత్రం పచ్చగా ఉంది. గుర్తొచ్చింది, అక్కడికి ట్యాంకు అయిపోయింది, ఆ ముక్క చేత్తో కలుపు తీయించాం. జొన్న మాత్రం అక్కడా ఉంది.

పొన్నూరు_మినుము
అయిపోయింది. తేలిపోయింది.

తాడికొండ_పత్తి
ఇంకా కాదు. ఆ మూల మెరక అయ్యుండచ్చు, నీరు నిలవకపోయుండచ్చు. కుండీల్లో పెట్టి చూడండి. మట్టిలో బొగ్గు పొడి కలిపి ఒక కుండీ పెడితే విషం బొగ్గు పట్టేసుకుంటుంది, మొక్క కోలుకుంటే విషమే అని తెలుస్తుంది.

బాపట్ల_పాతవిద్యార్థి
బొగ్గు అట్రజిన్‌నీ పడుతుంది, సోర్గోలియోన్‌నీ పడుతుంది. మొక్క కోలుకున్నా ఏ దొంగో తెలియదు. కుండీల మాట మాత్రం సరైనది. మూడు చోట్ల మట్టి తీయండి. పసుపు చారది ఒకటి, జొన్న ఉండి మందు పడని తూర్పు మూలది ఒకటి, జొన్న కూడా వేయని పక్క ఖాళీ మాగాణిది ఒకటి. ఒకే విత్తనం, ఒకే నీళ్ళు. చార మట్టిది ఒక కుండీ అదనంగా పెట్టి దాన్ని వసారా నీడలో ఉంచండి.

దుగ్గిరాల_పసుపు
నీడలో ఎందుకు?

బాపట్ల_పాతవిద్యార్థి
కాల్చేది ఎండ కాబట్టి. గూడు మూసుకుపోయినా వెలుతురు తక్కువైతే మాడటం నెమ్మదిస్తుంది. తెగులో, ఇనుము లోపమో అయితే అంత తేడా రాదు.

కొల్లిపర_మాగాణి
పదిహేను రోజులు ఆలస్యమైంది, క్షమించండి. ఒక్కో మట్టివి నాలుగు కుండీలు పెట్టాను, కుండీకి పది గింజలు. బోరు నీళ్ళే.

ఖాళీ మాగాణి మట్టి: నలభైకి ముప్పై ఎనిమిది మొలిచాయి, అన్నీ పచ్చగా ఉన్నాయి.
తూర్పు మూల, జొన్న మట్టి: ముప్పై ఒకటి మొలిచాయి. పచ్చగానే ఉన్నాయి, పక్కవాటి కన్నా రెండు వేళ్ళు పొట్టి.
పసుపు చార మట్టి: ముప్పై మొలిచాయి. తొమ్మిదో రోజు దాకా తూర్పు మూల వాటికీ వీటికీ తేడా తెలియలేదు. పదో రోజు ఆకు అంచు లేత పసుపు. పదమూడో రోజుకి వేలితో ముట్టుకుంటే అంచు పొడిగా రాలింది. ఇవాళ బతికినవి ఏడు.
వసారాలో పెట్టింది: సన్నగా సాగాయి గానీ ఇంకా పచ్చగా ఉన్నాయి. నిన్న ఒక మొక్కని బయట ఎండలో పెట్టాను. సాయంత్రానికి అంచు మెత్తబడింది.

నల్లరేగడి_నాయన
చూశావా తాడికొండా.

తాడికొండ_పత్తి
చూశాను, ఒప్పుకున్నాను. నాయన గారూ, మీ పల్లాకు తెగులు కూడా కాదు మరి. కానీ జొన్న మట్టిలో తొమ్మిది మొలవలేదు, మొలిచినవి పొట్టి. పక్క చేను పెద్దాయన మాట కూడా ఉత్తది కాదు.

బాపట్ల_పాతవిద్యార్థి
కాదు. జొన్న పసి మొలక దగ్గర అడ్డుపడింది, ఎదిగినవాటిని మాడ్చింది అట్రజిన్. పొట్టిగా ఉండటంలో కొంత నత్రజని వాటా కూడా ఉండచ్చు, జొన్న వేర్లు కుళ్ళేటప్పుడు సూక్ష్మజీవులు నేలలో నత్రజనిని తాత్కాలికంగా పట్టేసుకుంటాయి. జొన్న కోశాక రెండు తడులిచ్చి, రెండు మూడు వారాలు ఆగి విత్తితే ఈ రెండూ చాలావరకు తగ్గుతాయి. అట్రజిన్ మాత్రం రెండు వారాల్లో పోదు. చార మట్టి ఒక కిలో తీసి గుంటూరు దగ్గర లాం ఫారంలో, అదే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, చూపించండి.

కొల్లిపర_మాగాణి
అలాగే. పచ్చగా ఉన్న చోట పెసర వదిలేశాను, పూత మొదలైంది. చారలు దున్నేసి మొక్కజొన్న చల్లాను, దానికి అట్రజిన్ ఏం చేయదన్నారు కదా. మొలిచింది, పచ్చగా ఉంది. పక్క చేను పెద్దాయన్ని పిలిచి కుండీలన్నీ చూపించాను. ఆయన తూర్పు మూల కుండీ దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. "రెండు వేళ్ళు తక్కువే, చెప్పానా" అన్నాడు. వచ్చే ఏడు జొన్న సాళ్ళలో చేత్తో కలుపు తీయిస్తానని, కూలి సగం ఆయన పొలంతో కలిపి మాట్లాడదామని అన్నాడు.

దుగ్గిరాల_పసుపు
ఆ 1400 టానిక్కు?

కొల్లిపర_మాగాణి
సగం సీసా ఉంది. షాపులో తిరిగి తీసుకోరట.

బెజవాడ_మేడతోట
నా టమాటా కొత్త చిగురు పచ్చగా వచ్చింది. ఇంకో మాట. ఇదంతా చదివి మా అమ్మాయి జొన్నలు తడి గుడ్డలో చుట్టి, డబ్బాలో వేసి, బీరువాలో చీకట్లో పెట్టింది. నీళ్ళలో ముంచలేదు, గుడ్డ తడిగా మాత్రమే ఉంచింది. ఆరో రోజు తీసి భూతద్దం పెట్టి చూసింది. వేరు చుట్టూ తెల్లటి నూగు, నూగు కొసకొసకీ ఒక పసుపు బొట్టు. సూది మొనతో ముడితే జిడ్డుగా అంటుకుంది, గుడ్డ మీద పసుపు మరక పడింది. సబ్బుతో ఉతికినా పూర్తిగా పోలేదు. ఫొటో పెడుతున్నాను, పెద్దది చేసి చూడండి.